ఉస్తాద్ చదివిన ఐదు సెకన్లు

ఉస్తాద్ పోయారని మొన్న మంగళవారం పొద్దున అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే ప్రాణం పోయిందట. "షాపు తెరవలేదని పక్కన టైర్ల కొట్టాయన ఇంటికెళ్లి చూశాడంట చెల్లీ" అన్నాడు.  ఉస్తాద్ మాకు చుట్టం కాదు. అయినా అన్నయ్య ఆ రోజు ఆఫీసుకు వెళ్లలేదు. ఎందుకో చెప్పాలంటే, మా ఇంట్లో ఎవరూ తలవడానికి ఇష్టపడని ఒక నెల గురించి చెప్పాలి.

రెజిమెంటల్ బజార్‌లో ఉస్తాద్‌ది ఒక ఇరుకు షాపు. కార్లలో ఉండే కంప్యూటర్ డబ్బాలు బాగుచేసేవారు. నేను విజయనగరం నుంచి వచ్చి, చిలకలగూడలో అన్నయ్య వదినల దగ్గర ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్న రోజులవి. మాదాపూర్ వైపు కంపెనీల మీద కంపెనీలు వస్తున్నాయి. అన్నయ్యకు అక్కడే రాత్రి షిఫ్టు. నా ఎలక్ట్రానిక్స్ డిప్లొమాకు మాత్రం ఎక్కడినుంచీ పిలుపు రాలేదు. సోల్డరింగ్ తెలిసినవాళ్లు కావాలని రాసిన అట్టముక్క షాపు ముందు చూసి లోపలికెళ్లాను. ఆడపిల్లవి నీకిక్కడ ఏం పని అని ఆయన అడగలేదు. ఒక పాత బోర్డు చేతికిచ్చి, "ఈ చిప్పు తీసి మళ్ల పెట్టు. కాలనియ్యకు" అన్నారు. పెట్టాను. భూతద్దంతో అటూ ఇటూ చూసి, "రేపటి సంది రా బిడ్డా" అన్నారు. మూడేళ్లు పనిచేశాను.

బోర్డు ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని, పాత బనియన్ గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకునేవారు. టీ గ్లాసు ఎప్పుడూ బల్లకు దూరంగా కిటికీలోనే. ఎవరైనా గుద్దుకున్న కారు సంగతి మోసుకొస్తే, ఏ కారు, ఏ మోడల్ అని కాకుండా ముందు, "దెబ్బలు ఎవరికన్న తాకినయా?" అని అడిగేవారు. జవాబు విన్నాకే స్టూలు చూపించేవారు.

ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాలో వద్దో తేల్చే డబ్బా ఒకటి గేరు దగ్గర, సీట్ల మధ్య బిగించి ఉంటుంది. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. కొన్ని కార్లలో అది గుద్దుకోవడానికి ముందటి ఐదు సెకన్లను దాచుకుంటుంది. బండి ఎంత వేగంతో ఉంది, బ్రేకు మీద కాలు పడిందా లేదా అన్నవి. ఆ రోజుల్లో దాన్ని చదవగలిగినవాళ్లు ఊళ్లో నాకు తెలిసి ఇంకెవరూ లేరు. ఉస్తాద్ తుక్కు కింద పోయే డబ్బాలు తెచ్చుకుని, ఏ అంకె దేనికో ఏళ్ల తరబడి కూర్చుని కనిపెట్టారు. ఆ డబ్బా ఒకరోజు మా కారులోంచే వస్తుందని నేను అనుకోలేదు.

ఆ రోజు అన్నయ్య రాత్రి షిఫ్టు నుంచి నేరుగా వచ్చి, తెల్లవారుజామున వదినను తీసుకుని మేడ్చల్‌లో స్నేహితుడి గృహప్రవేశానికి వెళ్లాడు. అటునుంచి అటే స్టేషన్‌కు వచ్చి వదినను విజయనగరం రైలెక్కించాలి. తిరిగొచ్చే దారిలో బోయిన్‌పల్లి మార్కెట్ దగ్గర ఆగి ఉన్న టమాటా లారీని వెనకనుంచి గుద్దాడు. అన్నయ్యకు పెదవి చిట్లింది. వదినకు తుంటి ఎముక విరిగింది, తలకు దెబ్బ. నాలుగు రోజులు కళ్లు తెరవలేదు.

ఊరినుంచి వచ్చిన వదిన వాళ్ల నాన్నగారు అన్నయ్యను ఆ గది గుమ్మం తొక్కనివ్వలేదు. "నిద్రపోతూ నడిపేవు. నా కూతుర్ని సంపేసేవాడివే" అన్నారు. అన్నయ్య వరండాలో నేల మీద కూర్చుని నాతో అన్నాడు: "నాకేటీ గుర్తు లేదు చెల్లీ. లారీ కూడా గుర్తు లేదు. నిద్రపోయే ఉంటాను." వదిన కళ్లు తెరిచిందని తెలిశాక కూడా లోపలికి వెళ్లనన్నాడు. అన్నం ముట్టడం లేదు. ఇంట్లో ఒక్కణ్ణీ వదలాలంటే నాకు భయం వేసేది. స్నానాల గదిలో కొంచెం ఆలస్యమైతే తలుపు కొట్టేదాన్ని.

పోలీసులు చూడడం అయిపోయి కారు మాకు అప్పగించగానే, అందులోని డబ్బా చదివి పెట్టమని ఉస్తాద్‌ని అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు.

"నిద్రపోయిండని వస్తే ఏం జేస్తవ్?"

"తెలీదు."

"తెలుసుకున్నంక తెల్వనట్టు ఉండుడు కష్టం బిడ్డా. మీ అన్నను అడుగు. ఆయన ఊ అంటేనే తీస్త."

అన్నయ్య రెండు రోజులు ఆలోచించి ఊ అన్నాడు. డబ్బా ఒక మూల నలిగిపోయింది, తీగలు తగిలించే చోట విరిగింది. లోపలి చిప్పు ఊడదీసి విడిగా చదవడం ఒక్కటే దారి. వేడి ఎక్కువైతే అందులో ఉన్నదంతా పోతుంది. నేను సోల్డరింగ్ ఐరన్ అందుకోబోతే ఉస్తాద్ ఆపారు.

"ఇయ్యాల నీ చెయ్యి నీది గాదు. ఆడ కూసో. నేను చదువుత, నువ్వు రాయి."

చిప్పు ఊడింది. కంప్యూటర్‌కు తగిలించిన రీడర్‌లో పెట్టారు. తెర నిండా ఒకే అక్షరం వరసలు కట్టింది. ఖాళీ చిప్పు అయితేనే అలా వస్తుంది.  ఆయన చిప్పు తీసి, దాని కాళ్లను స్పిరిట్‌తో తుడిచి, భూతద్దం కింద చాలాసేపు చూసి, మళ్లీ పెట్టారు. నేను తెర వైపు చూడలేదు.

"వచ్చినయ్. రాయి."

ఒక్కో అంకె రెండుసార్లు చదివారు. ఐదు సెకన్ల ముందు ఎనభై ఎనిమిది, బ్రేకు లేదు. నాలుగు, ఎనభై ఎనిమిది, లేదు. మూడు, ఎనభై ఏడు, లేదు. రెండు, డెబ్బై ఆరు. అక్కడ ఆగారు. "బ్రేకు ఉన్నది." ఒకటి, యాభై రెండు. "ఉన్నది."

నేను ఏడ్చేశాను. కాసేపటికి తేరుకుని అన్నాను, "ఉస్తాద్, బ్రేకు సంగతి ఒక్కటే చెబుదాం. వేగం సంగతి వద్దు."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "సగం చెప్పేదుంటే నేను తియ్యకపోదును. కాలు బ్రేకు మీద వడ్డది, అది పక్కా. మార్కెట్ ముంగట ఎనభై ఎనిమిదిల వచ్చిండు, అది సుత పక్కా. అంతకుముందు కన్ను మూసిండా అంటే, ఈ డబ్బకు తెల్వదు, నాకు తెల్వదు. మూడూ చెప్పు."

నాకు చెప్పే ధైర్యం లేదని ఆయనకు అర్థమైనట్టుంది. షాపు మూసి, ఆటో పిలిచి, తనే ఆసుపత్రికి వచ్చారు. వరండాలో అన్నయ్య పక్కన నేల మీదే కూర్చుని మూడు మాటలూ చెప్పారు. అన్నయ్య నేను రాసిన కాగితం పట్టుకుని లేచాడు. ప్రమాదం అయ్యాక మొదటిసారి వదిన గదిలోకి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను. వదిన వాళ్ల నాన్నగారు మంచం పక్కన కుర్చీలో ఉన్నారు.

"చాలా స్పీడుగా నడిపాను" అన్నాడు అన్నయ్య. "చివర్లో బ్రేకు వేశాను. అంతకుముందు ఏమైందో మాత్రం తెలీదు."

వదిన గొంతు సరిగా రావడం లేదు. "మీరు పడుకోలేదు. నాతో మాటాడుతూనే ఉన్నారు. రైలు ఎల్లిపోతాది, తొందరగా పోనీండని నేనే తరిమాను. మా నాన్న మిమ్మల్ని అంటుంటే, నా వల్లేనని చెప్పడానికి భయమేసింది" అంది.

వాళ్ల నాన్నగారు కాసేపు కూతురి వైపే చూసి, లేచి బయటికి వెళ్లారు. ఆ కుర్చీలో అన్నయ్య కూర్చున్నాడు. నేను వరండాలోకి వచ్చి చూస్తే ఉస్తాద్ లేరు, షాపుకు వెళ్లిపోయారు.

కేసులో అన్నయ్య వేగంగా నడిపానని ఒప్పుకున్నాడు. వదిన ఐదు నెలలకు నడిచింది. ఇప్పటికీ ఎడమకాలు కొంచెం ఈడుస్తుంది. కానీ అన్నయ్య స్టీరింగ్ ముందు కూర్చుంటే చేతులు చెమటలు పట్టి, కారు దిగిపోయేవాడు. ఆ సంగతి నేను ఉస్తాద్‌తో మామూలుగా అన్నానంతే. ఆ ఆదివారం పొద్దున్నే ఆయన తన పాత కారు వేసుకుని మా ఇంటి ముందుకొచ్చారు. "బాబూ, జెర బజార్ దాంక తోలు. నాకు కండ్లు సరిగ కనిపిస్తలేవు" అన్నారు. ఆయన కళ్లకేమీ కాలేదని మా ఇద్దరికీ తెలుసు. అన్నయ్య తోలాడు. మరుసటి ఆదివారం ఇంకొంచెం దూరం. ఎప్పుడూ ఇలా తిప్పు, అలా తొక్కు అని ఆయన అనలేదట. కిటికీ బయటికి చూస్తూ కూర్చునేవారట.

ఒక ఆదివారం వెనక సీట్లో నేనూ ఉన్నాను. బోయిన్‌పల్లి మార్కెట్ ఇంకా కొంత దూరం ఉందనగా ఉస్తాద్ కారు ఆపమన్నారు. "నేను ఈడ దిగుత. మీరు పోయి రాండ్రి" అన్నారు. అన్నయ్య ఏదో అనబోయాడు. ఆయన అప్పటికే దిగి తలుపు వేసేశారు. కారు మెల్లగా కదిలింది. లారీల పక్కనుంచి పోతుంటే నేను వెనక్కి తిరిగి చూశాను. రోడ్డు వారన కొత్తిమీర కట్టల బుట్టల పక్కన, చేతులు వెనక్కి కట్టుకుని, మేము కనిపించినంతసేపూ ఆయన అలాగే నిలబడి ఉన్నారు.