సబ్బు మార్చని మనిషి

మెదడు జబ్బుల పరిశోధనశాలలో ఎలుకలను చూసుకునే ఆవిడను అందరూ అక్కా అనే పిలుస్తారు. మతిమరుపు తెప్పించిన ఎలుకలను జ్ఞాపకశక్తి పరీక్ష కోసం నీళ్ల తొట్టిలో వదిలి, మునిగి ఉన్న మెట్టును వెతుక్కుంటూ ఈది అలిసిపోయిన వాటిని అరచేత్తో ఎత్తి తువ్వాలుతో తుడవడం ఆవిడ పని. కొత్త వాసన తగిలితే అవి బెదురుతాయి, పరీక్షలు తారుమారవుతాయి. అందుకే ఏళ్లుగా అదే వాసన లేని సబ్బు. సెంటు జోలికి పోదు, సెలవు మాట ఎత్తదు. నవ్వొచ్చినా, చప్పుడుకు అవి బెదురుతాయని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

మొన్న కూతురు గులాబీ సబ్బు కొనిచ్చింది. "నీకంటూ ఒక వాసనే లేకుండా పోయిందమ్మా, ఒక్కరోజు వాడి చూడు" అంటే ముచ్చటపడి వాడింది. ఆ రోజు చెయ్యి చాపగానే ఎలుకలన్నీ బోను మూలకు నక్కాయి. "ఈ వాసనేంటక్కా! ఇవాళ్టి పనంతా దండగ" అని డాక్టరుగారు తల పట్టుకున్నారు. అంతలోనే నవ్వేశారు. "దారి మర్చిపోయే ఎలుకలు కూడా నిన్ను మర్చిపోవు చూడు. నువ్వు లేకపోతే మాకు గడవదు." మెచ్చుకోలే అది. ఆవిడ మాత్రం కొళాయి దగ్గరకెళ్లి గులాబీ వాసన పోయేదాకా చేతులు రుద్దుకుంది.

మర్నాడు పాత సబ్బుతోనే వచ్చింది. ఒక ఎలుక వేళ్లు వాసన చూసి, చేతిమీదుగా పాకి, మోచేతి మడతలో ముడుచుకుని నిద్రపోయింది. జేబులో ఫోను వణుకుతోంది, కూతురే అయ్యుంటుంది. ఎలుక లేస్తుందేమోనని చెయ్యి కదపకుండా ఆవిడ అలాగే నిలబడింది.