నమాజుల నడుమ బడి నడిపిన అమీనమ్మ

ఈ చెరకుతోటల దీవిలో, సెయింట్ పియర్ ఊళ్లో కొట్టు నడిపే కరీం గారి భార్య అమీనమ్మ జ్వరంతో కన్నుమూసిందన్న దుర్వార్త గత శుక్రవారం నా చెవిన పడింది. నమ్మలేక కొట్టు దాకా వడివడిగా నడిచాను. తలుపులు వేసి ఉన్నాయి. అరుగు మీద మగవాళ్లు తలలు వంచుకుని కూర్చున్నారు.

మా పెద్దల వలెనే ఆమె పెద్దలూ విశాఖపట్నం వైపు నుండి ఓడలో వచ్చినవారు. ఊళ్లోని లెకోల్ బడిలో ఫ్రెంచి, క్రైస్తవ పాఠాలే గాని తమ ధర్మానికి చోటు లేదని, తన ముగ్గురు పిల్లలకూ ఇంట్లోనే చదువు చెప్ప నిశ్చయించింది. భజనలు పాడించి తెలుగు చెప్పుకునే పంతులునైన నన్ను పిలిపించి అక్షరాలు నేర్పమన్నది.

మొదట బడి పద్ధతిలోనే పిల్లలను పొద్దంతా చాప మీద కూర్చోబెట్టింది. వాళ్లు కునికిపాట్లు పడ్డారు, పొయ్యి మీద అన్నం మాడింది. అంతటితో ఆ పద్ధతి మాని, దినచర్యనంతా నమాజుల చుట్టూ అల్లుకున్నది. తెల్లవారి నమాజు కాగానే, మనసు తేటగా ఉండగా ఖురాను పారాయణం. పొద్దెక్కాక కొట్టులో పప్పులు తూస్తూ లెక్కలు. మధ్యాహ్న నమాజు ముగిసి పిల్లలు కాస్త కునుకు తీశాక నా తెలుగు. సాయంత్రపు నమాజు తరువాత ఆటలు, దీపాలు పెట్టాక ప్రవక్తల కథలు. రంజాను మాసంలో పాఠాలు సగానికి తగ్గించేది. చదువు వెనుకబడుతున్నదని పెద్దపిల్ల జులేఖా చిన్నబుచ్చుకుంటే, ఈ నెలలో ఓర్పే పాఠమని ఓదార్చేది.

ఆడపిల్లకు ఇంత చదువెందుకని కరీం గారి అన్న ఒకనాడు నా ఎదుటనే ఆక్షేపించాడు. ఆమె తెరచాటు నుండి మెల్లగా అన్నది: “బావగారూ, నమాజు వేళలు అల్లా పెట్టినవి. వాటి నడుమనున్న పొద్దు నాకు అప్పగించాడు. దానికి నేనే జవాబు చెప్పుకోవాలి.”

చెరకుతోట కూలీ ఖతీజా వచ్చి, తన పిల్లలకూ ఇలాగే చెప్పుకోవాలని ఉన్నదని, కాని “మో పా కపావ్ అక్కా, నా వల్ల కాదు” అని కంటతడి పెట్టుకున్నది. అమీనమ్మ ఆమె ఇంటికి వెళ్లి ఒక రోజంతా అక్కడే గడిపింది. “నా పద్ధతి నీ ఇంటికి పనికిరాదు. కోతకు పోయే ముందు ఖురానులో ఒక చిన్న సూరా చదివించు, రాత్రి వంట దగ్గర ఒక అక్షరం. అంతే చాలు, రోజూ సాగనీ” అని చెప్పి వచ్చింది. ఆ తరువాత మరికొన్ని ఇళ్లవాళ్లు పిలిచారు. జులేఖాను తోడు తీసుకుని ఫ్లాక్ వైపు ఊళ్లకు కూడా వెళ్లాలని ఆశపడింది.

వానలు వెలిశాక ఖతీజా ఇంటిల్లిపాదీ జ్వరాన పడ్డారు. అమీనమ్మ గంజి కాచి తీసుకుపోయి, కోలుకుంటున్న పిల్లలకు మంచం పక్కనే పాఠం చెప్పేది. వాళ్లు లేచి తిరిగారు. ఆమె పడిపోయింది.

జులేఖాకు రివియేర్ దు రాంపార్‌లో సంబంధం కుదిర్చారు. కొన్నాళ్లు ఆగరాదా అని నేను అడిగాను. కరీం గారు నా ముఖం చూడలేక, “ఆమె ఉంటే వేరు, పంతులన్నా” అన్నారు. అది నిజమే.

ఆ పుణ్యశీలికి శిరసు వంచి నమస్కరించడం తప్ప నేను చేయగలిగింది లేదు. నిన్న మధ్యాహ్నం వెళ్లి చిన్నవాళ్లిద్దరికీ పాఠం చెప్పాను. పూర్తి కాగానే పలక పక్కన పెట్టి చిన్నది అడిగింది: “ఇప్పుడేం చెయ్యాలి, మామా?”

ఆ ఇంట అది తెలిసిన మనిషి అమీనమ్మ ఒక్కతే.