డైసీ ముందు పడిన కంజు పిట్ట

ఎనభైల్లో టెక్సస్‌లోని ప్లేనోలో ఉన్నప్పుడు నేను కంజు పిట్టల వేటకెళ్లానంటే మా వాళ్లు ఇప్పటికీ నమ్మరు. అమెరికాలో నాకు మొదటి ఉద్యోగమిచ్చిన బాస్ ఎర్ల్, రిటైరయ్యాక ఆబిలీన్ దగ్గర తన పొలంలో ఉండేవారు. చూపు తగ్గి తుపాకీ పట్టడం మానేశారు. ఆయన వేటకుక్క డైసీ కూడా ముసలిదైపోయింది, అదే దాని ఆఖరి వేట సీజన్. "దాని ముందు ఒక్క పిట్టయినా పడాలి రావ్, నువ్వు రావాలి" అని ఫోన్ చేశారు. కాలేజీ ఎన్‌సీసీలో తప్ప తుపాకీ ముట్టని నాకు కాదనడానికి నోరు రాలేదు.

ముందురోజే వేట లైసెన్స్ తీసుకున్నాను. బయల్దేరుతుంటే మా ఆవిడ సుజాత మసాలా పొట్లం చేతిలో పెట్టి, "పిట్ట పడకపోతే దార్లో చికెనైనా కొనుక్కురండి" అంది. చీకటితో బయల్దేరి, ఫోర్ట్‌వర్త్ దాటి ఇంటర్‌స్టేట్ ఇరవై హైవే మీద పడమరగా మూడు గంటలు డ్రైవ్ చేశాను.

ఎర్ల్ నా మంకీ క్యాప్ చూసి పగలబడి నవ్వి, దాని మీదే, వేటలో దూరానికి కనబడే తన నారింజ రంగు టోపీ పెట్టారు. ఇచ్చింది ఇరవై ఎనిమిది గేజ్ తుపాకీ. గొట్టం సన్నం, బరువు తక్కువ, చిన్న పిట్ట మాంసం పాడవదు. "పిట్ట కింద ఆకాశం కనబడితేనే కాల్చు. కనబడకపోతే అక్కడ నా డైసీ ఉన్నట్టే" అన్నారు.

పిట్టల వాసన పట్టి గడ్డిలో డైసీ బిగుసుకుని నిలబడింది. గుంపంతా బుర్రున లేచేసరికి ఉలిక్కిపడి తుపాకీ ఎత్తనే లేదు. రెండోసారి ఒక పిట్ట నేలబారుగా ఎగిరింది. గురి బాగా కుదిరింది, కానీ దాని కింద డైసీ చెవులున్నాయి. తుపాకీ దించేశాను.

"ఎందుకు కాల్చలేదు?" అన్నారు ఎర్ల్.

"ఆకాశం కనబడలేదండీ."

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి నడిచారు. మధ్యాహ్నానికి డైసీ కుంటడం మొదలెట్టింది, ఇంక చాలు అనుకుని వెనక్కి తిరిగాం.

కంచె దగ్గర అది మళ్లీ ఆగింది. ఒంటరి పిట్ట ఒకటి నిటారుగా లేచింది, కింద బోలెడు ఆకాశం. కాల్చాను, పడింది. డైసీ దాన్ని నోట కరుచుకుని, చెయ్యి చాపిన నన్ను దాటుకుపోయి ఎర్ల్ చేతిలో పెట్టింది. ఆయన కళ్లు తుడుచుకున్నారు. నాకూ కన్నీళ్లు ఆగలేదు.

ఆ సాయంత్రం ఆయన వంటింట్లో సుజాత మసాలాతో ఆ పిట్టని వేయించి, కారానికి నీళ్లు తాగుతూ తిన్నాం. మసాలా తగలని మెత్తటి ముక్క డైసీది. పరాయి దేశంలో నన్ను నమ్మి కుర్చీ వేసి కూర్చోబెట్టిన మనిషికి నేనేమివ్వగలను అనుకునేవాణ్ణి. ఆయన అడిగింది ఒక్క పిట్ట, అదీ తన కుక్క కోసం. అడిగినందుకు ఇప్పటికీ ఆయనకి రుణపడి ఉన్నాను.

మీరెప్పుడైనా ఇలా వేటకెళ్తే పొలం ఓనర్ పర్మిషన్, ముళ్లు దిగని బూట్లు మర్చిపోకండి. ఆకాశం కనబడకపోతే మాత్రం తుపాకీ దించేయండి. పిట్ట పోతే ఇంకోటి లేస్తుంది. డైసీ ఆ తర్వాత ఇంకో రెండు చలికాలాలు ఎర్ల్ కాళ్ల దగ్గరే పడుకుంది.