ఒక్క చేత్తో ఊడే ముడి

ఇంకొంచెం దగ్గరికి జరగండి. చాప మీద చోటుంది, ఈ చాట పక్కకు పెట్టేస్తాను. నేను చదివింది మూడో తరగతి. అది కూడా మోతె దగ్గర మా ఊరి బడిలో, పత్తి ఏరడానికి పోగా మిగిలిన రోజుల్లో. ఇప్పటికీ బైబిలు వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతాను. కానీ కంటితో చూసింది, చెవితో విన్నది నన్ను విడిచిపోదు. ఈ సంగతిలో తప్పు నాదే. అందుకని వేరేవాళ్లు చెబితే వినకండి, నేను చెబితేనే వినండి.

మిర్యాలగూడలో రైస్ మిల్లుల వెనక వీధిలో మా ఇల్లు. మా ఆయన, ఆయన తమ్ముడు ఇద్దరూ మిల్లులో హమాలీలు. రెండిళ్లకూ నడుమ నడుమెత్తు గోడ ఒకటి. తమ్ముడి భార్య, అంటే నా తోడికోడలు, కోదాడ పిల్ల. పెళ్లై వచ్చిన కొత్తలో నేనే ఆమెను మిల్లుకు వెంటబెట్టుకుపోయాను. అప్పటికి మా మిల్లులో బస్తాలు కుట్టే మిషన్లు రాలేదు. దబ్బనం, సుతిలి తాడు పట్టుకుని ఆడవాళ్లమే కుట్టేవాళ్లం. ఆమె కుట్టు తొందరగానే పట్టుకుంది. చివర వేసే ముడి మాత్రం రాలేదు. ఒక మడత తిప్పి వదిలేసేది. కొస పట్టుకుని లాగితే సర్రున ఊడిపోయేది.

ఒకరోజు గుమస్తా అలాగే లాగి చూసి కస్సుమన్నాడు. "ఏమ్మా, గీ ముడేసి లారీ ఎక్కిస్తే హాలియా దాటకముందే బియ్యమంత రోడ్డు మీద పోసుకుంటం. ఎవరు నేర్పిండ్రు నీకు?"

ఆమె నా వైపు చూసింది. నేను తప్పించుకున్నాను. "నేను గాదు సారూ. అది కోదాడ ముడి. సంచికి గాదు, జడకు రిబ్బను కట్టనీకి పనికొస్తది."

అందరూ పగలబడి నవ్వారు. "నువ్వు సరిగ్గా నేర్పితే కదక్కా వచ్చేది!" అని ఆమె కూడా నవ్వింది. తర్వాత గట్టి ముడి నేర్చుకుంది. ఇంట్లో పప్పు మూటకు, కారం మూటకు మాత్రం తన ముడే వేసుకునేది.

నాకిద్దరు ఆడపిల్లలు. ఆమెకు పిల్లలు కలగలేదు. నా చిన్నది ఆమె వచ్చేనాటికి రెండేళ్లది. అది మా ఇంట్లో కంటే చిన్నమ్మ ఇంట్లోనే ఎక్కువ తిన్నది, ఎక్కువ పడుకున్నది. అట్లా ఏళ్లు గడిచాయి. పెద్దదానికి పెళ్లి చేశాం, కొడుకు పుట్టాడు. ఇరవయ్యొకటో రోజున ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. వాక్యం చదివారు, పాట పాడారు. నా తోడికోడలు తన పాత చీరలతో కుట్టిన బొంత తెచ్చి, పిల్లవాణ్ణి దాంట్లో చుట్టి ఎత్తుకుందామని చేతులు చాపింది.

నేను ఆ చేతులకు అడ్డం పోయాను. "నువ్వు ఆగు చెల్లె. పిల్లలు లేని చెయ్యి ముందుగాల పడొద్దంటరు. అందరైనంక ఎత్తుకుందువు గాని."

కోపంగా కూడా అనలేదు, మెత్తగానే అన్నాను. అందరి ముందు అన్నాను. పుట్టినప్పటి నుంచి చర్చికి పోయినదాన్ని, ఆ మాట నాలో ఎక్కడ దాగి ఉందో నాకే తెలియదు. ఆమె బొంత మడతపెట్టి చంకలో పెట్టుకుని, అన్నం తినకుండా పోయింది. నేనేం చేశానో తెలుసా? "సూడుండ్రి, తినకుండ పోయింది, ఎంత పొగరు" అని వచ్చినవాళ్లతో అన్నాను. ఆరేళ్లు అదే మాట చెప్పుకుంటూ బతికాను. గోడకు ఇవతల నేను, అవతల ఆమె. ఒకే చర్చిలో ఆ చాప మీద ఆమె, ఈ చాప మీద నేను. ప్రభువు బల్ల రోజున ఇదే చేయి చాపి రొట్టె తీసుకున్నాను.

ఇప్పుడు ఆ చేతి సంగతికే వస్తున్నాను. కిందటేడు బోరింగు దగ్గర పాకురు మీద జారి పడ్డాను. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. సూర్యాపేట దవాఖానలో ఎముకకు తీగ వేసి, మోచేతి దాకా పిండికట్టు వేశారు. రెండు నెలలు చేయి కదపొద్దన్నారు. సరిగ్గా అప్పుడే నా చిన్న బిడ్డ సూర్యాపేట అత్తగారింటి నుంచి కాన్పుకు ఇంటికి వచ్చింది. దానికి నేను చేసిపెట్టాల్సింది పోయి, అదే పొట్టతో నాకు జడ వేసింది.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతి ఇంట్లో ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేస్తాం. నెలకోసారి ఆ డబ్బాలన్నీ తెచ్చి ఒకే గోనెలో కుమ్మరిస్తాం. ఆ నెల ఏ ఇంట్లో కష్టముంటే ఆ గోనె ఆ ఇంటి గడప ముందుకు పోతుంది. ఎవరు తెచ్చారో, ఎవరు ఇచ్చారో మాట్లాడుకోకూడదు. ఆ నెల అది మా గడప ముందుకు వచ్చింది.

బిడ్డ సంచి విప్పి, "అమ్మా, గిది లాగంగనే ఊడింది" అంది. నేను పట్టించుకోలేదు. బియ్యంలో చేయి పెట్టి ఆశ్చర్యపోయాను. నలభై ఇళ్ల బియ్యం అది. రేషను బియ్యం, సన్నబియ్యం, నూకలు అన్నీ కలిసి ఉంటాయి. రాళ్లు, వడ్లు, మట్టిగడ్డలు ఉండాల్సిందే. ఒక్క రాయి లేదు. ఎవరో గోనె అంతా చెరిగి, ఏరి పంపారు. చాట పట్టలేని చేతి కోసం.

ఇది పాస్టరు గారి భార్య, మా చర్చి అమ్మగారి పనే అనుకున్నాను. పై ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పే వేళ లేచి నిలబడి చెప్పాను కూడా. "మా అమ్మగారు దేవదూత లెక్క. నా చెయ్యి ఇరిగిందని కూసొని రాళ్లేరింది" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. అమ్మగారు తల వంచుకున్నారు. అవతలి చాప మీద నా తోడికోడలు పైటకొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

బయటికి వచ్చాక అమ్మగారు నా భుజం పట్టుకుని పక్కకు లాగారు. "నేను కాదమ్మా. నాకు కళ్లద్దాలు పెట్టుకున్నా రాయికీ నూకకూ తేడా తెలియదు. ఏరిందెవరో చెప్పొద్దన్నారు, నేను చెప్పను" అన్నారు. నాకు సిగ్గేసింది. అయినా ఆమె అని నా మనసుకు తట్టలేదు. తట్టనివ్వలేదో ఏమో.

రెండో నెల కూడా గోనె వచ్చింది. ఆ రోజు బిడ్డ అల్లుడితో స్కానింగుకు సూర్యాపేట పోయింది. మా ఆయన మిల్లులో ఉన్నాడు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది, ఎదురుగా మూతి కట్టిన సంచి. ఎడమ చేత్తో మిల్లు ముడి విప్పడం ఎవరి తరమూ కాదు. కత్తిపీట ఎక్కడుందా అని చూస్తూ, ఊరికే సుతిలి కొస పట్టుకుని లాగాను.

సర్రున ఊడింది.

కొస నా వేళ్ల మధ్య ఉంది. నాకంటే ముందు నా బొటనవేలుకు తెలిసింది. ఎంతమంది నవ్వారు ఆ ముడిని చూసి! నేనే కదా ముందు నవ్వింది. లారీకి పనికిరాదని గుమస్తా తిట్టిన ముడి అది. ఇన్నేళ్ల తర్వాత, ఒక చేయి ఆడని మనిషి ఎట్లా విప్పుతుందా అని ఆలోచించి ఆమె కావాలని వేసింది. నేను వద్దన్న చేతులు నా చేతిని తలుచుకుంటూ వేసిన ముడి. కృప, కృప అని చిన్నప్పటి నుంచి పాటల్లో పాడుతూనే ఉన్నాను. అది సుతిలి లెక్క గరుకుగా వేళ్లకు తగులుతుందని ఎవరూ చెప్పలేదు. ఎసరు ఇగిరిపోయింది, నేను అట్లాగే కూర్చున్నాను. భయమేసింది కూడా. దేవుడు గోడ అవతలే ఉండి, ఆరేళ్లుగా నన్ను చూస్తున్నట్టు అనిపించింది.

అప్పుడే పోదామని లేచి, గడపలో ఆగిపోయాను. బిడ్డకు నెలలు నిండుతున్నాయి. పసిగుడ్డుకు తానం పోయడానికి నాకు చేయి లేదు. ఇప్పుడు పోతే పని పడి వచ్చిందనుకుంటుంది. అనుకోవడమేమిటి, నిజంగానే అట్లా అయిపోతుంది. అందుకని ముందు పై వీధికి పోయి, తానాలు పోసే మనిషిని నెల రోజులకు మాట్లాడాను. మర్నాడు ఖాళీ సంచి పట్టుకుని గోడ చుట్టూ తిరిగి వాళ్ల వాకిట్లోకి పోయాను.

ఆమె మిరపకాయల తొడిమెలు తీస్తోంది. లేవలేదు, పీట వేయలేదు.

"సంచి ఇద్దామని వచ్చిన" అన్నాను.

"సంచి చర్చిదక్కా. నాకెందుకు ఇస్తావు?"

"ముడి నీదే గదా. ఇప్పటికి రాకపాయె నీకు ముడెయ్య."

ఆమె వేళ్లు ఆగాయి. "బాగానే వచ్చు" అంది, నా కట్టు వైపు చూస్తూ. "గట్టిగా వేస్తే ఒంటి చేత్తో ఎట్లా ఇప్పుతావని."

ఆమే మళ్లీ అంది. "కాన్పు దగ్గరికొచ్చింది. నీ చెయ్యి చూస్తే అట్లుంది. ఇప్పుడు గుర్తొచ్చాయా నా చేతులు?"

"తానం పోసేటామెను మాట్లాడిన చెల్లె. నీతోని నాకు పనేం లేదు. అనరాని మాట అన్న. వాక్యం చదివిన ఇంట్లనే అన్న, అందరి ముందట అన్న. నువ్వు తినకుండ పోతే పొగరని చెప్పుకుంట తిరిగిన. తప్పైంది. గంతే చెప్పిపోదామని వచ్చిన."

ఆమె లేచి లోపలికి పోయింది. ఇక రాదేమో అనుకున్నాను. గ్లాసుతో నీళ్లు తెచ్చి, నా ఎడమ చేతి వైపు పెట్టింది.

"ఆ బొంత ఏం జేసినవ్?" అని అడిగాను.

"ఆ వానాకాలం కుక్క ఈనింది. దాని పిల్లల కింద వేశాను. పిల్లలు లేని చేతులని అది వద్దనలేదక్కా."

గ్లాసు కింద పెట్టేశాను. ఆమే మళ్లీ, "నాలుగూ బతికాయి" అంది.

"మరి నా బియ్యం ఎట్ల ఏరినవే, అంత మాట పడి?"

"నీ ఒక్కదానివేనా? ఎవరింటికి పోయే గోనె అయినా ఆరేళ్లుగా నేనే ఏరుతున్నా. ముడి మాత్రం నీకే." తొడిమె తుంచి పక్కన వేసింది. "అబద్ధం ఎందుకు, మొదటి నెల రెండు రాళ్లు కావాలనే వదిలేశాను. పంటి కింద పడితే తెలుస్తుందిలే అని. సంచి కట్టేసి, తిన్నాక కాసేపు పడుకుందామంటే పడుకోబుద్ధి కాలేదు. మళ్లీ ఇప్పి, గోనె అంతా కుమ్మరించి ఆ రెండూ వెతికి తీశాను. మధ్యాహ్నమంతా దానికే పోయింది. చాలా తిట్టుకున్నాలే నిన్ను."

ఇద్దరం ఒకేసారి నవ్వాం. తర్వాత ఏడ్చింది ఎవరు ముందో నాకు గుర్తులేదు. అంతా గుర్తుంటుందన్నాను గానీ, అదొక్కటీ గుర్తులేదు.

నెల తిరగకముందే ఆడపిల్ల పుట్టింది. దవాఖాన నుంచి ఆటో ఇంటి ముందు ఆగేసరికి వీధి ఆడవాళ్లంతా చేరారు. ఆనాడు నా మాట విన్నవాళ్లు సగం మంది అక్కడే ఉన్నారు. ఆమె తన వాకిట్లోనే నిలబడి ఉంది, రాలేదు. పిలవందే వస్తుందా మరి? నేను కేకేశాను. "చెల్లె, దా! బిడ్డా, మీ చిన్నమ్మ చేతులకియ్యి ముందుగాల. నాకంటే ముందు."

ఆమె వచ్చి చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఇంత పసిదాన్ని ఎప్పుడూ ఎత్తుకోలేదక్కా. నాకు రాదు."

"ముడి గూడ రాకుండె, నేర్చుకోలేదా?" అన్నాను.

తీసుకుంది. పసిది ఆవులించింది, అంతే.

మూడో రోజు పొద్దున్నే తానం పోసే మనిషి వచ్చింది. నా తోడికోడలు అప్పటికే పీట మీద కాళ్లు చాపుకుని, చీర మోకాళ్ల దాకా ఎగదోపుకుని కూర్చుంది. "ఆమెకు కడుపునిండా అన్నం పెట్టి పంపక్కా. ఈ పని నాది" అంది. పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, వీపుకు నూనె రాసింది. నేను ఎడమ చేత్తో చెంబు పట్టుకుని చూస్తూ నిలబడిపోయాను. ఆ వేళ్లు పసిదాని మెడ కింద ఎట్లా అమరాయో ఇప్పటికీ నా కళ్లలో ఉంది. ఈ చేతులనా నేను వద్దన్నది?

"ఏం చూస్తావక్కా, నీళ్లు పొయ్యి! చల్లారిపోతున్నాయి."

పోశాను. సగం పిల్ల మీద, సగం ఆమె మీద పడ్డాయి.

ఆ పిల్ల ఇప్పుడు సూర్యాపేట నుంచి వచ్చినప్పుడల్లా మా రెండిళ్ల నడుమ గోడ పట్టుకుని నడుస్తోంది, ఎక్కువగా అవతలి వైపునే. ఇంతసేపు కూర్చుని విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ బియ్యం డబ్బాలో గుప్పెడు ఎప్పుడూ మిగలాలి. మీ అన్నంలో రాయి పడకుండా ఏరే చేతులు మీ గోడ అవతల ఉండాలి, ఆ చేతులు ఎవరివో మీకు ఆలస్యం కాకముందే తెలియాలి. ప్రభువు మీ ఇంటి పిల్లాపాపలందరినీ తన చేతుల్లో ఎత్తుకోవాలి.