సాయవ్వ పిల్లితీగ, మా మరిది పెండ్లిపందిరి

నా పెద్దబిడ్డ నర్మద నోరు తెరిస్తె ఇప్పటికీ వాడంతా వినవడ్తది. గా గొంతు నిలవెట్టింది సాయవ్వ. అందుకే ఆమె సంగతి రాస్తున్న.

సాయవ్వది మంథని దిక్కు మా ఊరే. మొగడు పోయినంక కూలి చేసుకొని బతికేది, ఆదివారం మిషనోళ్ల గుడికి పోయేది. అడవిల పిల్లితీగను జనం మొదలంట పీకుతుండ్రని ఒక మొదలు తెచ్చి, ఇంటెనుక కానుగచెట్టు నీడకు పెట్టుకున్నది. వెంట్రుకలసొంటి ఆకు, ముండ్ల తీగ, మన్నుల వేలంత తెల్ల గడ్డలు. బాలింతకు పాలు పడకుంటే ఆ గడ్డలు దంచి, మేకపాలల్ల కాంచి తాపేది. కండ్లు మూసుకొని ప్రార్థన చేసి, ఒక్క దిక్కే తవ్వి మళ్ల మన్ను కప్పేది. "అన్ని తోడితే ఎనుక వచ్చేటామెకు ఏం పెడ్త?" అనేది.

ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటేడు ఎండకాలం మా మరిది రాయమల్లు పెండ్లి. పందిరికి ఆ కానుగకొమ్మలు అడిగితే "రెండు కొట్టుకో" అన్నది సాయవ్వ. ఆమె కూలికి పోంగనే మా మరిది చెట్టునే గుండు చేసిండు. మా వాకిట్ల పందిరి నిగనిగ మెరిసింది. ఆమె తీగ నెత్తిన ఎండ పడ్డది.

నాకు తల్లి లేకపాయె, కాన్పు అత్తగారింట్లనే. మరిది పెండ్లయిన వారానికి నీళ్లాడిన, నర్మద పుట్టింది. చుక్క పాలు పడలే. పిల్లకు ఏడ్వ శక్తిలేదు, మూలుగుతున్నది. మా అత్త రాజక్క సాయవ్వను పిలిపిచ్చింది. ఆమె తెచ్చిన గడ్డలు ముడుతలు పడి ఉన్నయి.

"ఇయ్యాల్టికి ఎల్లుతది రాజక్కా. రోజూ తాపాలె గద. నీడ లేకుంటే రేపటికి పీచే మిగులుతది. మీ పందిరి తీసి నా తీగ మీద ఎయ్యుండ్రి."

"పదహారు రోజుల పండుగ కాకముందే పందిరి పీకుతరానే? కొత్తజంటకు కీడు! యేసయ్య మనిషివి, నీకేం తెలుసు?"

"నిజమే, నాకు తెల్వది. రెండు కొమ్మలంటే చెట్టంతా అని కూడ తెల్వకపాయె."

రాయమల్లు తల గోక్కున్నడు. మా అత్త గుంజ పట్టుకొని కదలలే. నేను లోపట్నుంచి ఎంత ఒర్లితే ఏం లాభం?

అప్పుడు రాయమల్లు కొత్త పెండ్లాం, నా యారాలు దుర్గవ్వ బయటికొచ్చింది. కాళ్ల పసుపు ఇంకా పోలే.

"నా పెండ్లి పందిరే గద అత్తా. ఇంట్ల పిల్ల పోతే గది కీడు గాదా?" అని మొగని దిక్కు తిరిగింది. "సూస్తరేంది? ఎక్కుండ్రి పైకి!"

మా అత్త గుంజ ఇడిచిపెట్టింది. "ఒక్క గుంజ ఉండనియ్యిరా, శాస్త్రానికి" అన్నది.

పందిరి సాయవ్వ ఇంటెనుకకు పోయింది. తీగకు నీడ, మన్నుకు తడి దొరికినయి. నాకు పాలు పడ్డయి. పురుడు ఎల్లినంక మా అత్తే కొత్తజంటను తోల్కపోయి ఆ పందిరికిందనే పండుగ చేసింది. అక్షింతలు పడంగనే సాయవ్వ, "దీవెన అయింది గద, ఇగ లెవ్వుండ్రి, నా తీగ తొక్కుతరు" అన్నది.

మరుసటేడు దుర్గవ్వ బాలింతయింది. ఎవలూ అడగకముందే సాయవ్వ గడ్డపార పట్టుకొని, తీగకు రెండో దిక్కు తవ్వింది.