సుబ్బలక్ష్మి టీకాకు ముహూర్తం

బ్రాడీపేటలో పురోహితుడు లక్ష్మీనరసింహాన్ని అడగకుండా ఆ వీధివాళ్లు కొత్త స్కూటరు కూడా బయటికి తియ్యరు. డెబ్బై ఏళ్లొచ్చినా పంచాంగం చూడ్డానికి కళ్లజోడు అక్కర్లేదాయనకు. అలాంటి మనిషి ఆ పంచాంగాన్నే అడ్డం పెట్టుకుని సొంత భార్య సుబ్బలక్ష్మితో అబద్ధమాడాడంటే ఎవరూ నమ్మరు. ఆడాడు మరి.

వాళ్లమ్మాయి మనోజ్ఞ ఆఫీసు వాళ్లిచ్చే ఇన్సూరెన్సు అమ్మానాన్నలకూ వర్తిస్తుంది. ఏడాదికోసారి పరీక్షలు, న్యుమోనియా రాకుండా టీకా, అన్నీ అందులోనే. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ సుబ్బలక్ష్మి ఒకటే పోరు, మంచి రోజు చూడండి, ఇద్దరం వెళ్లి వేయించుకుందామని. ఆయన్ను వదిలి తనొక్కతే వెళ్లదు. ఆయనకేమో సూదంటే చిన్నప్పట్నుంచీ పై ప్రాణాలు పైనే పోతాయి. ఆ మాట పెళ్లాంతో ఎలా చెబుతాడు? ఒకసారి అష్టమి అన్నాడు. ఇంకోసారి వర్జ్యమన్నాడు. ఆ తర్వాత ఆవిడ జన్మనక్షత్రం అడ్డొచ్చిందన్నాడు. ఆవిడ నమ్మి ఆగింది.

ఇంతలో మిరపకాయల సీజనొచ్చింది. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగిందంటే ఊరు ఊరంతా దగ్గుతుంది, ఇక గుంటూరులో దగ్గును పట్టించుకునేదెవరు? సుబ్బలక్ష్మి దగ్గుతుంటే ఘాటే అనుకున్నారిద్దరూ. ఒళ్లు కాలిపోయి, ఊపిరందక వంటింటి గుమ్మంలో కూలబడ్డాక గానీ అది న్యుమోనియా అని తెలియలేదు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ గొట్టంతో పడుకుని, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లకీ ఆవిడ అదే చెప్పింది. "నాకే టైము బాగాలేదు. ఈయన చూస్తూనే ఉన్నారు పాపం, ఒక్క మంచి రోజు కుదిరితేగా."

పక్కన స్టూలు మీద బత్తాయి ఒలుస్తున్న ఆయన తలెత్తలేదు. తిట్టినా బాగుండేది. టీకా వేయించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో అన్నాడు డాక్టరు. ఆ 'ఏమో'ను పట్టుకుని కొంచెం తేరుకుందామని చూశాడు గానీ, కుదరలేదు.

ఆవిడ ఇంటికొచ్చి కోలుకుంది. ఇక టీకా వేయించుకోవచ్చని డాక్టరు ఫోనులో చెప్పాడు. రోజు చూడమని ఆవిడ మళ్లీ అడిగింది. ఆయన పంచాంగం వంక కూడా చూడకుండా చెప్పులేసుకుని ఆటో పిలిచాడు.

క్లినిక్కులో గోడ గడియారం చూసి ఆవిడ గాభరాపడింది. "మంగళవారం, మూడున్నర. రాహుకాలం కదండీ."

"ముందు నాకెయ్యమ్మా," అన్నాడాయన నర్సుతో, కండువా తీసి భుజం చూపిస్తూ. చెయ్యి వణికిపోతోంది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

సుబ్బలక్ష్మి ఆ చేతిని చూసింది. మొహాన్ని చూసింది.

"అయితే ఆవేళ అష్టమి కాదా?"

"కాదు."

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. తన వంతు రాగానే కుర్చీలో కూచుని, "మీరు బయటికెళ్లండి, చూడలేరు," అంది.

ఆయన వెళ్లలేదు. ఆవిడ పక్కనే నిలబడి, కళ్లు మూసుకోకుండా ఆ సూదిని చూశాడు.