ఐదో నెల ఫిట్ చీటీ

2022 వేసవి. భిలాయి స్మృతి నగర్‌లో ఒక చిన్న ప్రసూతి క్లినిక్‌లో నర్సుగా చేరి అప్పటికి పదకొండేళ్లు. గర్భిణులకు నెలనెలా జరిగే యాంటీనేటల్ చెకప్ నా బల్ల దగ్గరే మొదలయ్యేది. బరువు, బీపీ చూసి డాక్టరమ్మ గదిలోకి పంపడం నా పని. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఊరు మంచిదే, నా నోరే కాస్త పెద్దది. ఆ నోటి వల్ల నేను సిగ్గుపడ్డ రోజు ఇది.

ఆ మంగళవారం రిసాలి నుంచి ఆటోలో శ్వేత వచ్చింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, ఐదో నెల. తోడుగా అత్తగారు అప్పలనరసమ్మ. మామగారు స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యాడు, భర్త అక్కడే షిఫ్టుల్లో పనిచేస్తున్నాడు. గేటు నుంచి నా బల్ల దాకా ఇరవై అడుగులుండవు, అంతలోనే ఆ పిల్లకి ఆయాసం వచ్చేసింది.

"రోజూ కాస్త నడుస్తున్నావా?" అన్నాను.

"నహీ దీదీ. బాత్‌రూమ్‌కి తప్ప మంచం దిగను. నడిస్తే బేబీకి ఏమైనా అవుతుందేమో, బహుత్ డర్ లగ్తా హై," అంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు కన్నా హిందీ ముందొస్తుంది. చెప్తూ చెప్తూనే ఏడ్చేసింది.

ఫైలు తిరగేశాను. పదో వారంలో కొంచెం బ్లీడింగ్ అయితే డాక్టరమ్మ రెండు వారాలు రెస్ట్ రాసింది. మొన్నటి అనామలీ స్కాన్, అంటే బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్, బాగానే ఉంది. మాయ కూడా గర్భసంచి నోటికి అడ్డం రాకుండా పైకే ఉంది. రెండు వారాల రెస్ట్ పదకొండు వారాలైంది.

నాకు ఒళ్ళు మండింది. "ఏమ్మా, కోడల్ని గాజుబొమ్మలా అల్మారాలో పెట్టేశారా? ఇలా పడుకోబెడితే ఒంట్లో సత్తువ పోతుంది, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది. రెండు వారాలంటే రెండు వారాలే కదా!" అని హాలంతా వినపడేలా కేకలేశాను.

అప్పలనరసమ్మ సంచీలోంచి కాగితాలు తీసి ఒక్కొక్కటే నా బల్ల మీద పరిచింది.

"సూడమ్మా, ఇందల ఫిట్ ఏదీ? మావోరికి ఒకపాలి నడుం పట్టీసినాది. డాక్టరు పది రోజులు రెస్ట్ రాసినాడు. పదకొండో రోజు డ్యూటీకెలితే ఫిట్ ఏదని ఎనక్కి పంపీసినారు. దీనికీ రెస్ట్ రాసినారు గానీ ఫిట్ ఎవులూ రాయనేదు. రాస్తారు, రాస్తారని సూస్తన్నాం."

ప్లాంట్‌లో సిక్ లీవ్ పెట్టినవాడికి ఫిట్ సర్టిఫికెట్ వస్తేనే మళ్ళీ డ్యూటీ. ఆ ఇల్లు అదే పద్ధతిలో బతికింది. మధ్యలో రెండుసార్లు చెకప్‌కి వచ్చారు కూడా. బీపీ రాసి పంపించాను తప్ప, ఇంకా మంచం మీదే ఉన్నావా అని నేను అడగలేదు. తప్పు నాది, తిట్లు ఆవిడకి.

డాక్టరమ్మ కాళ్ళతో సహా అన్నీ పరీక్షించి, నడకకు అడ్డేమీ లేదంది. మొదట రోజుకి రెండుసార్లు ఐదేసి నిమిషాలు, అలవాటయ్యే కొద్దీ పెంచుకుంటూ అరగంట దాకా. బరువులెత్తకూడదు, ఎండలో తిరగకూడదు. రక్తం కనిపించినా, నీరు పోయినా, కళ్ళు తిరిగినా, పిక్క వాచి నొప్పి చేసినా ఆపేసి వెంటనే రావాలి. వేగానికి కొలత టాక్ టెస్ట్. నడుస్తూ మామూలుగా మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోయినట్టు, మాటకి ఊపిరి అందకపోతే తగ్గించాలి.

"మాటకి తోడుండాలిగా, మీరూ నడవండి," అన్నాను అత్తగారితో. క్లినిక్ వరండాలోనే మొదలుపెట్టించాను. శ్వేత గోడ పట్టుకుంది. ఆవిడ ఆ చేయి తీసి తన భుజం మీద వేసుకుంది.

"ఏటి మాటాడమంటావమ్మా?"

"ఏదైనా సరే."

ఇద్దరూ వరండా చివరిదాకా నడిచారు. తిరిగి వస్తూ ఆవిడ అంది. "అప్పుడు నందిని గనుల కాలనీల ఉండీవోలం. నాకూ ఐదో నెలే. బోరింగుకాడినుంచి రెండు బిందిలు నీళ్ళు మోసినాను. మర్నాడే పోనాది. ఆడపిల్ల. నువ్వే సంపీసినావని మాయత్త అన్నాది. అందుకే దీన్ని గ్లాసు కూడా ఎత్తనియ్యనేదు."

శ్వేత ఆగిపోయింది. "అత్తా, ఎప్పుడూ చెప్పలేదు మీరు."

ఆవిడ నా వైపు చూసింది. "ఆ బిందిల వల్లేనా సిస్టరమ్మా?"

నా సర్వీసులో అంత భయపెట్టిన ప్రశ్న మరొకటి లేదు. "ఎందుకు పోయిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరమ్మా. ఐదో నెలలో బిడ్డ పోవడానికి లోపల చాలా కారణాలుంటాయి. మీరు చంపారన్నది మాత్రం అబద్ధం," అన్నాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. నాకూ కళ్ళు నిండాయి.

ఆ రోజు "నడవడానికి ఫిట్" అని రాయించి, తేదీ వేసి, డాక్టరమ్మ సంతకంతో ఇచ్చాను. సెప్టెంబరు చివర్లో శ్వేతకి ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. అప్పటినుంచి మా దగ్గర రెస్ట్ రాసిన ప్రతి చీటీ మీదా అది ఏ రోజుతో అయిపోతుందో కూడా రాయిస్తున్నాను. రాయని మాట ఎవరింట్లో ఎన్నాళ్ళు నిలబడిపోతుందో నాకు తెలిసొచ్చింది.

ఆ మంగళవారం వాళ్ళు ఆటో ఎక్కబోతుంటే వెనకాలే వెళ్ళి, "కేకలేశాను, ఏమీ అనుకోకండమ్మా," అన్నాను.

అప్పలనరసమ్మ చీటీని మడిచి జాకెట్లో పెట్టుకుంది. "నువ్వు కేకలెయ్యబట్టే గదా ఆ బిందిల మాట అడిగినాను," అంది. "ముప్పై ఐదేళ్లయినాది తల్లీ. నాకూ ఇయ్యేలే ఫిట్ రాసినారు."